పరసూర్యుల గ్రహములు - మన గోష్ఠులు

శాస్త్రము మహాసభలలో ప్రకటింపబడును గాని చిన్న గోష్ఠులలో పెరుగును. సాహిత్యవిషయమున ఈ సంగతి తెలుగువారికి క్రొత్త కాదు. తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రిగారి సాహితీసమితి వంటి కూటములు లేకున్నచో మన నవ్యకవిత్వచరిత్ర మరియొక విధముగా ఉండెడిది. అచ్చునకెక్కని పద్యమును మిత్రుల యెదుట చదువుట, వారు పెదవి విరిచినచో దిద్దుకొనుట, దిద్దినదానిని మరల తెచ్చి వినిపించుట - ఈ చనువులోనే కవులు తయారైరి. గోష్ఠి యను మాటకు మూలము గోష్ఠము, అనగా ఆలమంద చేరు చోటు. పగలెల్ల వేరువేరు బీళ్లలో మేసిన పసులు సందెవేళ ఒకచోట చేరి నెమరు వేయును. విద్యావంతుల కూటమికి ఇంతకంటె తగిన పేరు దొరకదు. ఈ భాగ్యము కవులకు కలిగినంతగా మన బడులలోని విజ్ఞానశాస్త్రోపాధ్యాయులకు కలుగలేదని నా అభిప్రాయము. దానివలన కలుగుచున్న నష్టమును ఒక నూతనశాస్త్రమును ఆధారముగా గొని చెప్పదలచినాను.

ఆ శాస్త్రము పరసూర్యుల గ్రహములకు సంబంధించినది. మన సూర్యుని చుట్టు భూమి, బుధ శుక్రాదులు తిరుగుచున్నట్లే ఇతర నక్షత్రముల చుట్టును గ్రహములు తిరుగుచున్నవి. ఇది చిరకాలము ఊహగా నుండెను. 1992లో ఒక మృతనక్షత్రము చుట్టు గ్రహములున్నట్లు వోల్‌ష్టాన్, ఫ్రెయిల్ అను వారు నిరూపించిరి. 1995లో మన సూర్యుని వంటి నక్షత్రము చుట్టు తిరుగు గ్రహమును స్విట్జర్లాండు దేశీయులైన మేయర్, కెలో అను వారు కనుగొనిరి. అందుకు వారికి 2019లో నోబెల్ బహుమానము వచ్చినది. 2025 సెప్టెంబరు నాటికి లెక్క తేలిన ఇట్టి గ్రహములు 6,000 అయినవి. మేయర్, కెలోలు చూచిన నక్షత్రము మనకు పరాయిది కాదు. పంచాంగము చెప్పు పూర్వాభాద్ర తారలకు చేరువనే, 50 కాంతిసంవత్సరముల దూరమున నున్నది. కార్తీకమాసమున రాత్రి తొలిజామున అది దాదాపు మన తిరువూరు నడినెత్తిపైకి వచ్చును. దీపముల వెలుగు లేని పొలముగట్టున నిలిచి, మంచి చూపు గలవాడు వెదకినచో లీలగా కనబడును.

ఈ శాస్త్రమును సాగించుచున్నవారు ఏటేట జరుగు మహాసభలతో తృప్తి పడుట లేదు. అమెరికాలో సాన్‌ఫ్రాన్సిస్కో అఖాతము చుట్టునున్న విశ్వవిద్యాలయములవారును, నాసా సంస్థ యొక్క ఏమ్స్ పరిశోధనకేంద్రమువారును అప్పుడప్పుడు ఒక్క దినము ఒకచోట చేరి తమ పనులను ఒకరికొకరు చెప్పుకొనుట వాడుక. ఇట్టి ప్రాంతీయ సమావేశములు ఇంగ్లండు మొదలగు దేశములలోను గలవు. వాని విశేషమెల్ల పూర్తికాని పనిని గూర్చి మాటాడు స్వేచ్ఛలో నున్నది. నిన్న మొన్న చేరిన పరిశోధక విద్యార్థియు, తల నెరసిన ఆచార్యుడును ఒకే వరుసలో కూర్చుందురు. "ఈ గీత యిట్లేల వంగినదో నాకు అంతుపట్టలేదు" అని విద్యార్థి చెప్పినచో ఎవరును నవ్వరు. ఆ మాటతోనే చర్చ మొదలగును.

ఇట్టి చర్చ ఏపాటి పని చేయునో ఈ శాస్త్రచరిత్రయే చెప్పుచున్నది. 1952లో ఆటో స్ట్రూవే అను ఖగోళజ్ఞుడు, బృహస్పతి వంటి పెద్ద గ్రహము తన నక్షత్రమునకు మిక్కిలి దగ్గరగా తిరుగుచుండవచ్చుననియు, అది నక్షత్రమునకు అడ్డువచ్చినపుడు వెలుగు తగ్గుటను బట్టి దానిని గుర్తింపవచ్చుననియు ఒక చిన్న వ్యాసమున వ్రాసెను. నాలుగు దశాబ్దముల వరకు ఆ వ్యాసమును పట్టించుకొన్నవారు స్వల్పము. ఏమ్స్ కేంద్రములోని విలియం బొరూకీ ఆ మార్గమునే పట్టి, వెలుగును అత్యంతసూక్ష్మముగా కొలుచుట సాధ్యమా యని చర్చించుటకు 1984లో ఒక గోష్ఠిని ఏర్పరచెను. ఆయన ప్రతిపాదనను 1990ల దశకమున నాసా పలుమారులు త్రోసిపుచ్చినది. త్రోసిపుచ్చిన ప్రతిసారియు, ఆక్షేపణకు సమాధానమును ప్రయోగము చేసి చూపుచు ఆయన మరల వచ్చెను. తుదకు 2009 మార్చిలో కెప్లర్ దూరదర్శిని ఆకాశమున కెగసి రెండువేల అయిదువందలకు పైగా గ్రహములను పట్టి యిచ్చినది. వ్యాసము ఒంటరిగా మిగిలినది. దానిని పదిమందిలో నెమరువేసిన తరువాతనే పని సాగినది.

ఆ కొలత ఎంత సున్నితమైనదో విద్యార్థులకు బోధించుట కష్టము కాదు. జానెడు పళ్లెమును సూర్యబింబమనుకొన్నచో దానియెదుట భూమి ఒక ఆవగింజ. ఆ ఆవగింజ పళ్లెమునకు అడ్డముగా పోవునపుడు మరుగుపడు వెలుగు ఇంచుమించు 12,000 వంతులలో ఒక వంతు. బృహస్పతి వంటి గ్రహమైనచో నూటిలో ఒక వంతు. ఇట్లు గ్రహము నక్షత్రబింబమునకు అడ్డముగా సాగుటను అంతర్యానమని చెప్పవచ్చును. మన సూర్యుని యెదుట శుక్రుడు 2004లోను, 2012లోను చేసినది ఇదియే. మరల అట్టి శుక్రాంతర్యానము 2117 వరకు లేదు.

ఇక మన నేల సంగతి చూతము. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము మన తీరప్రాంతము మీదుగా పోయినది. ఫ్రాన్సు నుండి జాన్సెన్, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పక్షమున మేజర్ టెన్నెంట్ గుంటూరునకు వచ్చిరి; మద్రాసు ప్రభుత్వ ఖగోళజ్ఞుడు పాగ్సన్ మచిలీపట్టణమున మకాము చేసెను. సూర్యుని అంచున ఎగయు జ్వాలల వెలుగును పట్టకము గల వర్ణపటదర్శినితో విడదీసి, అవి ఉష్ణవాయువులని వారు తేల్చిరి. ఆ వెలుగులో సోడియము గీతకు చేరువ నున్నను దానితో సరిగా కలియని పసుపు గీతను పాగ్సన్ గుర్తించెను. అది హీలియమను క్రొత్త మూలకమునకు చెందినదని పిమ్మట తేలినది. ఆ మూలకము భూమిపై 1895లో గాని చిక్కలేదు. నూటయేబది సంవత్సరములు గడచిన పిదప, 2018లో, కన్యారాశియందు సుమారు 200 కాంతిసంవత్సరముల దూరమున నున్న ఒక పరసూర్యుని గ్రహముపై హీలియము ఉన్నట్లు హబుల్ దూరదర్శిని ద్వారా కనుగొనిరి. గుంటూరు, బందరులలో సూర్యజ్వాలలను పరీక్షించిన పద్ధతియే నేడు పరలోకముల గాలిని పరీక్షించుచున్నది. ఈ సంగతి తెలిసి గుంటూరు బాలుడు గర్వించుటలో తప్పులేదు. కాని మన ఊరి ఆకాశమును చూచుటకు సముద్రములు దాటి వచ్చినవారు చూచి వెడలిపోయిరి. ఊరిలోని బడిపంతుళ్లతో చేరి ఆ గ్రహణమును నెమరువేసిన గోష్ఠి నిలువలేదు.

దీనికి మారుగా విశాఖపట్టణమున స్వదేశీయుల యత్నమొకటి జరిగినది. జమీందారు గోడే వెంకట జగ్గారావుగారు మద్రాసులో టేలర్ అను ఖగోళజ్ఞుని వద్ద ఈ విద్యను అభ్యసించి, 1840 ప్రాంతమున తమ యింటియందే వేధశాలను నెలకొల్పిరి. వారి దూరదర్శిని ముఖవ్యాసము 4.8 అంగుళములు. వారి తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడపి, 1874 డిసెంబరు 9వ తేదీ శుక్రాంతర్యానమును పరిశీలించి ఫలితములను లండనుకు పంపిరి. ఇప్పుడొక పోలిక చెప్పెదను. 1999లో ఒక పరసూర్యుని యెదుట గ్రహము అంతర్యానము చేయుటను మొట్టమొదట పట్టిన దూరదర్శినులలో ఒకదాని ముఖవ్యాసము 4 అంగుళములే. డేవిడ్ షార్బనో అను యువకుడు దానితో ఆ వెలుగును కొలిచెను. అనగా అంతకంటె పెద్ద కటకము గల యంత్రము అంతకు నూటయేబది యేండ్లకు పైగా ముందు తెలుగుగడ్డపై నుండెను! కాంతిని లెక్కగట్టు విద్యుత్పరికరములు ఆనాడు లేవు గనుక జగ్గారావుగారు పరసూర్యుల గ్రహములను కనుగొనియుందురని చెప్పుట అతిశయోక్తి. నేను చెప్పునది వేరు. 1892లో నరసింగరావుగారు పోయిన తరువాత ఆ వెలుగు క్రమముగా కొండెక్కినది. ఒక కుటుంబముపై ఆధారపడిన విద్యకు వారసులు రక్తసంబంధము వలన దొరకరు. గోష్ఠి వలన దొరకుదురు.

మద్రాసు వేధశాల కథయు మనకు పాఠమే. 1855లో ఆ వేధశాలాధికారి జేకబ్, 70 ఓఫియూకీ అను జంటనక్షత్రముల గమనమున తేడాను గమనించి, అక్కడ గ్రహమొకటి ఉండుట మిక్కిలి సంభావ్యమని ప్రకటించెను. పరసూర్యుని గ్రహమును గూర్చి కొలతల ఆధారముతో చేసిన తొలి ప్రకటనలలో అది ఒకటి. అది నిలువలేదు, పిదప వచ్చిన లెక్కలు దానిని కొట్టివేసినవి. అయినను నేను దానిని అపజయమని అనను. కొలిచినవాడు కొలిచెను, సరిచూచినవారు సరిచూచిరి. నేటికిని ఇదియే జరుగుచున్నది. భారతదేశమున పుట్టి కేంబ్రిడ్జిలో ఆచార్యుడైన నిక్కు మధుసూదన్, సింహరాశిలో 124 కాంతిసంవత్సరముల దూరమున నున్న కె2-18బి యను గ్రహమును పరిశోధించుచున్నారు. దానిపై మీథేను, బొగ్గుపులుసు వాయువు ఉన్నట్లు 2023లో ఆయన బృందము తెలిపినది. భూమిపై సముద్రజీవుల వలన పుట్టు ఒక వాయువు జాడయు ఉన్నదని 2025 ఏప్రిలులో ప్రకటించినది. ఆ ఆధారము చాలదని ఇతర శాస్త్రజ్ఞులు వాదించిరి. "జీవము దొరకినది" యని పత్రికలు పెద్ద అక్షరములతో వేసినపుడు, "ఇంకను తేలలేదు" అని చెప్పగల ఉపాధ్యాయుడు ప్రతి బడిలోను ఒకడుండవలెను. ఆ ధైర్యము పుస్తకము చదివినంతమాత్రమున రాదు. ఒకరి మాటను మరియొకరు సరిచూచు కూటములలో మెలగిన వారికే వచ్చును.

మన వద్ద సంస్థలు లేవా యనినచో, కలవు. 1901లో నవాబు జఫర్‌జంగ్ ప్రారంభించిన నిజామియా వేధశాల, పిదప ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరి, ఆకాశపటమును సిద్ధపరచు అంతర్జాతీయకార్యమున ఏడు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను నిర్ణయించినది. ఆ వేధశాలలో పని చేసిన ఉద్యోగి కుమారుడే వేణు బప్పు. భారత ఖగోళశాస్త్రమునకు పెద్దదిక్కయినవాడు. 1968లో రంగాపూరున 48 అంగుళముల దూరదర్శిని వెలసినది. 1972లో భారత ఖగోళశాస్త్రసంఘము హైదరాబాదుననే స్థాపితమైనది. 2018లో అహమ్మదాబాదు భౌతికపరిశోధనాలయమువారు ఆబూపర్వతము నుండి చూచి, భూమికి 27 రెట్లు బరువు గల పరగ్రహము నొకదానిని నిర్ధారించిరి. సంస్థలకు లోటు లేదు. సంస్థకును బడికిని నడుమ నుండవలసిన వంతెనయే లేదు. హైదరాబాదున జరిగిన ప్రసంగము తిరువూరునకు రాదు. తిరువూరు బాలుని ప్రశ్న హైదరాబాదునకు పోదు.

తెలుగు బోధించువాడను గనుక భాషను గూర్చియు రెండు మాటలు చెప్పవలెను. ఈ గ్రహములను కొందరు బాహ్యగ్రహములని వ్రాయుచున్నారు. మన సౌరకుటుంబమునందలి బృహస్పతి, శని మొదలగువానిని కూడ బాహ్యగ్రహములని పిలుచుట కలదు. విద్యార్థి తికమక పడును. సౌరేతర గ్రహములనుట వ్రాతకు తగియున్నది. మాటలలో "పరసూర్యుల గ్రహాలు" అన్నను చక్కగా తెలియును. మరియు, నవగ్రహములలో సూర్యచంద్రులును, రాహుకేతువులును చేరిన మన సంప్రదాయార్థము వేరు. శాస్త్రమునందలి గ్రహశబ్దార్థము వేరు. ఈ భేదమును చెప్పకుండ పాఠము మొదలిడిన ఉపాధ్యాయుడు ఇసుకపై గోడ కట్టినవాడగును. 2019లో అంతర్జాతీయ ఖగోళసంఘము దేశదేశములవారిని ఒక్కొక్క గ్రహమునకు పేరు పెట్టుమని కోరగా, మన దేశము ఒక నక్షత్రమునకు "విభ" యనియు, దాని గ్రహమునకు "సంతమస" మనియు పేరు పెట్టినది. విభ యనగా కాంతి. విభా చౌధురి యను భౌతికశాస్త్రజ్ఞురాలి స్మృతియు అందున్నది. సంతమసమనగా అంతటను క్రమ్మిన చీకటి. కావ్యభాషలోని ఈ మాట వందల కాంతిసంవత్సరముల దూరమున స్థిరపడినది. మన నిఘంటువులలో నిద్రించుచున్న మాటలకు ఇట్టి ఉద్యోగములు ఇంకను గలవు.

అయితే మాటలు సంఘములు నిర్ణయించినంతమాత్రమున నిలువవు. నలుగురు నాలుకల నానినప్పుడే నిలుచును. తిరువూరు రెండు తెలుగు రాష్ట్రముల పొలిమేర. ఇటు నూజివీడు, మైలవరము, అటు మధిర. 2014 తరువాత పాఠ్యపుస్తకములు వేరువేరుగా సిద్ధమగుచున్నవి. పొలిమేరకు ఇరువైపుల ఉపాధ్యాయులు మాటాడుకొననిచో, నేడు కాకున్న రేపైనను ఒకే వస్తువునకు రెండు పేర్లు పుట్టి ఒకరి పుస్తకము మరియొకరికి అక్కరకు రాకుండును. మన ప్రాంతమునకు చేరువనున్న పెనుగంచిప్రోలున పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు, 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలి స్థాపనకు పూనుకొని విజ్ఞానగ్రంథములను తెలుగున వెలువరింపజేసిరి. ఆనాడు పాలనలు వేరైనను భాష యొక్కటిగా నడచినది.

కావున తిరువూరున గోష్ఠి యొకటి ఏర్పడవలెనని నా ప్రతిపాదన. మూడు మాసములకొక ఆదివారము చాలును. ఏదో ఒక బడిలోని గది చాలును. వేదిక వలదు, ముఖ్య అతిథి వలదు, శాలువలు, పూలదండలు అసలే వలదు. పరిచయములకు గంట, కృతజ్ఞతలకు అరగంట, విషయమునకు పావుగంట అను మన సభాసంప్రదాయమును గుమ్మము వెలుపలనే విడిచి రావలెను. ప్రతి కూటమిలోను ఒక ఉపాధ్యాయుడును, ఒక విద్యార్థియు తాము చదివినదానిని గాని, కొలిచినదానిని గాని చెప్పవలెను; తెలియనిదానిని తెలియదని చెప్పవలెను. ఏటికొకసారి పరిశోధకుని పిలిచినను ఆయన మన నడుమనే కూర్చుండవలెను. కెప్లరు, 2018లో ఎగిరిన టెస్ దూరదర్శినులు కొలిచిన అంకెలు ఇంటర్నెట్టు ద్వారా ఎల్లరకును ఉచితముగా లభించుచున్నవి. 2012లో నాలుగు నక్షత్రముల కూటమిలోని ఒక గ్రహమును, అట్టి అంకెల గీతలను చూచిన ఇద్దరు సామాన్య ఔత్సాహికులు మొదట గుర్తించిరి. మన బడిలోని కంప్యూటరునకు ఆ పని చేతకాదని చెప్పుటకు ఆధారము లేదు.

"అన్నమో రామచంద్రా యను వారికి పరసూర్యుల గ్రహములేల?" అని అడుగువారు కలరు. ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. మిరప ధర పడిపోయి రైతు దిగులుపడిన సంవత్సరమున అతని కొడుకునకు నక్షత్రములను చూపుట ఎగతాళిగా తోచవచ్చును. కాని ఆ బాలునకు మనమిప్పుడు ఇచ్చుచున్నదేమి? ప్రశ్నకు జవాబు, జవాబునకు మార్కు, మార్కునకు ర్యాంకు. జవాబు ఎవరికిని తెలియని ప్రశ్న ఒకటి లోకములో ఉన్నదనియు, దానిని తానును కొలిచి చూడవచ్చుననియు అతనికి బడిలో ఎన్నడును చెప్పబడదు. కొలుచుట నేర్చినవాడు నక్షత్రముల వెలుగునే గాక తూకపురాతిని, నేలసారమును, వైద్యుని మాటను, నాయకుని మాటను కూడ కొలుచును. మరియొక సంగతి గలదు. ఆరువేల గ్రహములు లెక్కకు వచ్చినను జీవమున్నదని నిశ్చయముగా తేలినది ఒక్కటియు లేదు. దూరపు గ్రహములను చూడగా చూడగా, నీరును, చెట్టును, చేనును గల ఈ భూమి వెల యెంతయో బాలునకు తెలియును.

నగరములలో పెద్ద సభలు జరుగనిండు, అవియు కావలసినవే. కాని కుంపటిలో నిప్పు నిలుచుటకు చిన్న బొగ్గులు ఒకదానినొకటి తాకియుండవలెను. వేరుచేసినచో ఎంత పెద్ద బొగ్గయినను ఆరిపోవును. మన బడులలో నేడు వేరువేరుగా కూర్చుండి చల్లారుచున్న ఉపాధ్యాయులు కలరు. వచ్చు కార్తీకమున పూర్వాభాద్ర నడినెత్తికి వచ్చునాటికి పదిమంది కూడినను చాలును. పొలిమేరకు అటువారిని పిలుచుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.